నిండుగా ఉన్న గ్రీజు ట్యాంకును చూసి సంతోషపడకండి

రైలు మార్గాల నిర్వహణ చూసే ఇంజనీర్లకు, వాళ్ల ఖర్చుల కాగితాల మీద సంతకాలు చేసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

పట్టాల వెంట నడవడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి కాస్త ధైర్యంగా రాస్తున్నాను. కర్వుల్లో పట్టాకు గ్రీజు పెట్టే యంత్రాలు, అంటే లూబ్రికేటర్లు, మీలో చాలామంది కొన్నారు. ఎన్ని కొన్నారో, ఏ కిలోమీటరు దగ్గర బిగించారో మీ దగ్గర పక్కాగా లెక్క ఉంటుంది. ఆ కర్వులో బయటి పట్టా మీద ఇవాళ గ్రీజు ఉందా లేదా అన్న లెక్క మాత్రం చాలాచోట్ల ఎవరి దగ్గరా ఉండదు. నా గోడంతా ఆ రెండో లెక్క గురించే.

ఒకసారి తనిఖీ బృందంతో కలిసి ఒక షార్ప్ కర్వు దగ్గరికి వెళ్లాను. కర్వు మొదట్లోనే లూబ్రికేటర్ ఉంది. మూత తీశారు. గ్రీజు అంచుదాకా ఉంది. వచ్చిన పెద్దాయన తృప్తిగా తలూపి, రిజిస్టరులో బాగుందని రాసి ముందుకు కదిలారు. నేను నాలుగడుగులు వెనకబడి బయటి పట్టా పాదం దగ్గర వంగి చూశాను. క్లిప్పుల మీదా కంకర మీదా వెండి రంగు పొడి, మధ్య మధ్యలో గోటి ముక్కల్లాంటి సన్నటి రేకులు. ఆ రేకులు పట్టావి, చక్రానివి. రైలు వెళ్లిన ప్రతిసారీ రెండూ కలిసి కొంచెం కొంచెంగా అక్కడ రాలిపోతున్నాయి. ట్యాంకు నిండుగా ఉన్నది ఎవరో శ్రద్ధగా నింపినందుకు కాదు, లోపలి గ్రీజు ఒక్క చుక్క కూడా బయటికి రానందుకు. పంపు నుంచి పట్టాకు వెళ్లే గొట్టం ఎప్పుడో ఊడిపోయింది. అంతకుముందు కంకర సర్దే యంత్రం వచ్చినప్పుడు గ్రీజు పూసే బద్దను విప్పి పక్కన పెట్టారట, మళ్లీ బిగించడం ఎవరి పనో తేలలేదట. పని చేసే లూబ్రికేటర్ ట్యాంకు ఖాళీ అవుతూ ఉండాలి కదా! తనిఖీలో మంచి మార్కులు పడింది మాత్రం పని చేయని దానికే.

ఇంజనీర్లకు తెలిసిన సంగతే అయినా, సంతకాలు చేసేవాళ్ల కోసం చెప్తాను. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఒకటి వేగంగా, ఇంకొకటి నెమ్మదిగా తిరిగే వీలు లేదు. కర్వులో బయటి పట్టా దారి పొడవు, లోపలి పట్టా దారి పొట్టి. 400 మీటర్ల వ్యాసార్ధం ఉన్న కర్వులో ప్రతి 100 మీటర్లకు బయటి చక్రం సుమారు 37 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. ఈ చిక్కు తీరడానికే చక్రం తొక్కే భాగాన్ని కాస్త వాలుగా, శంకువులా చేస్తారు. ఇరుసు మొత్తం బయటి వైపు జరిగితే బయటి చక్రం తన పెద్ద చుట్టుకొలత మీద, లోపలి చక్రం తన చిన్న చుట్టుకొలత మీద దొర్లుతాయి. ఇదంతా అందంగానే ఉంది. కానీ 1:20 వాలు, 920 మిల్లీమీటర్ల చక్రం, స్టాండర్డ్ గేజి (పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్లు) తీసుకుని లెక్క వేస్తే, ఆ 400 మీటర్ల కర్వుకు ఇరుసు 17 మిల్లీమీటర్ల దాకా పక్కకు జరగాలి. చక్రం అంచుకూ పట్టాకూ మధ్య ఉన్న సందు ఏడెనిమిది మిల్లీమీటర్లు. జరగాల్సిన దాంట్లో సగం దూరం కూడా పోకముందే చక్రం అంచు, అంటే ఫ్లాంజ్, వెళ్లి బయటి పట్టా లోపలి చెంపకు కొట్టుకుంటుంది. ఇక అక్కడి నుంచి దొర్లడం తగ్గి ఒరుసుకోవడం మొదలవుతుంది.

అరిగిన చక్రాల ఆకారం కొంచెం మేలు చేస్తుంది, నిజమే. బోగీ నిర్మాణాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. అయినా ఒక కిలోమీటరు కంటే తక్కువ వ్యాసార్ధం ఉన్న కర్వుల్లో ఈ ఒరిపిడి తప్పదనే అనుకోవాలి. పొడిగా ఉన్న ఉక్కు మీద ఉక్కు ఒరుసుకుంటే ఘర్షణ గుణకం 0.5 దాకా, కొన్నిసార్లు అంతకంటే పైకి పోతుంది. పట్టా లోపలి చెంప మీద దాన్ని 0.25 కంటే కిందికి తేవాలన్నది సాధారణంగా పెట్టుకునే లక్ష్యం. అది ఒక పలచటి గ్రీజు పొరతో అయ్యే పని.

వృథా గురించి మీ సమావేశాల్లో చాలా మాట్లాడుకుంటారు, అందుకని ఒక చిన్న లెక్క చెప్తాను. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా తీసుకోండి. లోపలి చెంప 10 మిల్లీమీటర్ల లోతున, మూడు సెంటీమీటర్ల ఎత్తున అరిగిందనుకుందాం. అలా పోయిన ఉక్కు మీటరుకు రెండున్నర కిలోల లోపే. అరవై కిలోల్లో రెండున్నర కిలోలు! మిగతా యాభై ఏడున్నర కిలోలూ నిక్షేపంగా ఉండగానే ఆ పట్టా తన చోటు ఖాళీ చేయాల్సి వస్తుంది. అర కిలోమీటరు కర్వులో ఒక్క బయటి పట్టా మారిస్తేనే 30 టన్నుల ఉక్కు దిగుతుంది, 30 టన్నులు ఎక్కుతుంది. అందులో నిజంగా పొడైపోయింది టన్నుంబావు. తీసిన పట్టాను పక్క లైన్లకు వాడతాం, లోపలిదాన్ని బయటికి మారుస్తాం, చివరికి కరిగిస్తాం, కాదనను. కానీ కరిగించి మళ్లీ పోయడానికి కొలిమి మండాలి. దించి ఎక్కించడానికి లైను ఆపాలి, రాత్రి పూట మనుషులు దిగాలి. కొత్త ఉక్కు తయారీలో టన్నుకు సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుందన్నది కూడా ఇందులో కలుపుకోండి. చక్రాల సంగతి నేనింకా ఎత్తనే లేదు. ఫ్లాంజ్ సన్నబడ్డ చక్రాన్ని మళ్లీ సరైన ఆకారానికి తేవాలంటే లేతు మీద పెట్టి, అరగని తొక్కుడు భాగం నుంచి కూడా బోలెడంత మంచి ఉక్కును చెక్కేయాలి. ఫ్లాంజ్ అరిగింది ఒక మిల్లీమీటరైతే చక్రం చుట్టూ పోయేది అంతకు ఎన్నో రెట్లు.

‘గట్టి పట్టాలు వేశాం కదా, ఇక గ్రీజు ఎందుకు’ అనే మాట చాలాసార్లు విన్నాను. చక్రం దొర్లే తల భాగాన్ని వేడి చేసి గట్టిపరచిన పట్టాల కాఠిన్యం బ్రినెల్ కొలతలో 350 దాటుతుంది, మామూలు రకం 260 దగ్గర ఉంటుంది. మంచి పట్టాలే, నేను వద్దనను. అయితే గట్టి పట్టా తన అరుగుదలను తగ్గించుకుంటుందే గానీ ఘర్షణను తగ్గించదు. ఇంజను పడే యాతన అలాగే ఉంటుంది.

ఆ యాతన ఎంత? దీనికి ట్రాక్ వాళ్ల పాత లెక్క ఒకటుంది. ప్రతి డిగ్రీ వంపుకు 0.04 శాతం ఎత్తు ఎక్కినంత అదనపు నిరోధం. 350 మీటర్ల వ్యాసార్ధం అంటే దాదాపు 5 డిగ్రీల కర్వు. నేల చదునుగానే ఉన్నా ఆ కర్వులో బండి 500కు 1 చొప్పున గుట్ట ఎక్కుతున్నట్టే. చదునైన, సూటి దారిలో రైలును నెమ్మదిగా లాగడానికి టన్నుకు ఒకటి రెండు కిలోల బలం చాలు, రైలు గొప్పతనమే అది. ఈ కర్వులో ఇంకో రెండు కిలోలు తోడవుతాయి. అంటే రైలుకు ఉన్న ఆ గొప్పతనంలో సగం కర్వు మింగేస్తోంది. సరిగ్గా గ్రీజు పట్టిన కర్వులో ఈ అదనపు బరువు గణనీయంగా తగ్గుతుంది. తగ్గిన ప్రతిసారీ డీజిలో కరెంటో మిగులుతుంది. కానీ ఆ మిగిలింది ఎవరి ఖాతాలో? ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు రోగం అక్కడే ఉంది.

దానికంటే ముందు భద్రత. ఫ్రెంచ్ ఇంజనీరు నాడాల్ పేరుతో ఒక సూత్రం ఉంది, వందేళ్ల పైబడినా ఇప్పటికీ అందరం వాడుతున్నదే. చక్రం మీద పక్కకు తోసే బలాన్ని కిందికి నొక్కే బరువుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఒక హద్దు దాటితే ఫ్లాంజ్ పట్టా చెంప మీదికి పాకి, పైకి ఎక్కి, అవతల దిగిపోయే ప్రమాదం ఉంటుంది. ఫ్లాంజ్ వాలు 70 డిగ్రీలు అనుకుని లెక్క వేయండి. ఘర్షణ 0.5 ఉంటే హద్దు 0.95. ఘర్షణ 0.2 ఉంటే 1.64. పొడి కర్వులో పక్కతోపు బరువంత ఉన్నా చాలు, చక్రం ఎక్కేయగలదు. గ్రీజు ఉన్న కర్వులో అదే పని జరగాలంటే తోపు బరువుకు ఒకటిన్నర రెట్లు దాటాలి. గ్రీజు డబ్బాను పొదుపు పద్దు కిందే చూసేవాళ్లు ఈ రెండు సంఖ్యలనూ గోడకు అంటించుకోవాలి. 2000 మార్చి 8న టోక్యోలో హిబియా మెట్రో లైనులో నకమెగురో స్టేషను దగ్గరి కర్వులో, నెమ్మదిగానే వెళ్తున్న రైలు చివరి పెట్టె ఇలాగే పట్టా ఎక్కి దిగిపోయి ఎదురుగా వస్తున్న రైలుకు తగిలింది. ఐదుగురు చనిపోయారు. అక్కడ కారణం ఒక్కటి కాదు. చక్రాల మీద బరువు సమానంగా పడకపోవడం మొదలుకొని చాలా చిన్న విషయాలు ఒకచోట కలిశాయి. చక్రం పట్టా ఎక్కడం అన్నది ఇలా చిన్నవి కలిసి చేసే పనే. ఘర్షణ వాటిలో ఒకటి, పైగా మన చేతిలో ఉన్నది.

ఇదంతా చదివి డబ్బాలు డబ్బాలుగా గ్రీజు కుమ్మరించమని చెప్తున్నానని అనుకోకండి. గ్రీజు ఎక్కువైతే జరిగే చెడుపును కూడా కళ్లారా చూశాను. చెంప మీద ఉండాల్సింది తల మీదికి పాకితే ఇంజను చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బ్రేకు వేస్తే బండి జారుతుంది, జారిన చక్రం మీద చదునైన మచ్చలు పడతాయి. అప్పుడు డ్రైవరు ఏం చేస్తాడు? ఇసుక వదులుతాడు. ఇసుకా గ్రీజూ కలిస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది. అరుగుదల తగ్గించడానికి పెట్టిన ఖర్చుతో అరగదీసే మందు మనమే నూరి ఇచ్చినట్టు! పట్టా మీద దట్టంగా నల్లటి జిడ్డు పేరుకుంటే పట్టా లోపలి పగుళ్లు వెతికే అల్ట్రాసోనిక్ పరీక్ష చేసేవాళ్లు తిట్టుకుంటారు, వాళ్ల తిట్లలో న్యాయం ఉంది.

పట్టా తలకు కావలసింది వేరు. అక్కడ ఘర్షణ 0.3, 0.4 మధ్య ఉండాలి, అంతకు తగ్గకూడదు. దానికి గ్రీజు పనికిరాదు. ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే పూత వేరేగా ఉంది. నీటితో కలిపి ఇచ్చే రకాల్లో నీరు ఆరిపోయాక సన్నటి పొర మిగులుతుంది. లోపలి పట్టా మీద చక్రం పట్టుకుని, వదిలి, పట్టుకుని, వదిలి చేసే ఆ చెవులు చిల్లులు పడే కీచుమనే చప్పుడును అణచేది కూడా ఇదే. చెంపకు ఒకటి, తలకు ఒకటి. ఈ రెంటినీ ఒకే టెండరు కింద ‘కందెన’ అని రాసి, తక్కువ ధర పాడినవాడి దగ్గర కొనే పద్ధతి ఉన్నచోట నేను ఇంకేం చెప్పినా దండగే.

ఇంకో చిక్కుంది. దీన్ని గ్రీజు అమ్మేవాళ్లు ఎందుకో గట్టిగా చెప్పరు. పట్టా కొద్దికొద్దిగా అరగడంలో ఒక మేలు కూడా ఉంది. పైపొరలో పుట్టే వెంట్రుకవాసి పగుళ్లు ఆ అరుగుదలతో పాటే పోతుంటాయి. అరుగుదలను బాగా ఆపేస్తే పగుళ్లు బతికిపోతాయి. అంతేకాదు, పగులులోకి నీళ్లో నూనో దూరితే, మీద చక్రం నొక్కినప్పుడు అది లోపల బిగుసుకుని పగులును ఇంకా చీల్చుకుంటూ పోతుంది. 2000 అక్టోబరు 17న ఇంగ్లండులోని హ్యాట్‌ఫీల్డ్ దగ్గర కర్వులో పట్టా ముక్కలు ముక్కలై నలుగురు చనిపోయింది పట్టా మూల మీద ఇలా పెరిగిన పగుళ్ల వల్లే. ఆ ప్రమాదాన్ని గ్రీజు మీదికి నెట్టడం లేదు. చెప్పేది ఇంతే, గ్రీజు పెట్టే చోట గ్రైండింగ్ కార్యక్రమం కూడా ఉండాలి. గడువులు పెట్టుకుని పట్టా పైనుంచి సన్నటి పొర తీస్తూ పోవాలి. ఈ రెండు పనులూ రెండు వేర్వేరు ఒప్పందాల్లో ఉండి, గ్రైండింగ్ వాళ్లు వచ్చి గ్రీజు బద్దలు విప్పి పారేసి వెళ్తుంటే, పట్టాను కాపాడుతున్నట్టా, పోగొట్టుకుంటున్నట్టా?

ఇప్పుడు ఖాతా సంగతి. గ్రీజు కొనేది ట్రాక్ విభాగం. దాన్ని నింపడానికి మనిషినీ బండినీ పంపేది ట్రాక్ విభాగం. లైను ఆపి పని చేసుకునే సమయం అడుక్కునేది కూడా వాళ్లే. మిగిలే ఇంధనం మాత్రం రైళ్లు నడిపేవాళ్లది, మిగిలే చక్రాలు పెట్టెల విభాగానివి. చాలా దేశాల్లో ఇప్పుడు పట్టాలు ఒక సంస్థవి, రైళ్లు ఇంకో సంస్థవి. 1991లో వచ్చిన యూరప్ ఆదేశం 91/440 తర్వాత అక్కడ కనీసం పద్దు పుస్తకాల్లోనైనా ఈ రెండూ విడిపోవాల్సి వచ్చింది. అంటే ఖర్చు ఒకరి జేబులోంచి, లాభం ఇంకొకరి జేబులోకి. ఏటా బడ్జెట్ కోతలు పడినప్పుడు ట్రాక్ మేనేజరు మొదట దేన్ని కోస్తాడు? రేపే బయటపడనిదాన్ని. గ్రీజు ఆపితే రేపు ఏ రైలూ ఆగదు. మూడేళ్ల తర్వాత పట్టాలు ముందుగానే మార్చాల్సి వస్తుంది, అప్పటికి ఆ మేనేజరు వేరే చోట ఉంటాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయన ముందు పెట్టిన లెక్కల్లో ఆయన చేసింది సరైనదే. లెక్కలే తప్పు.

కాబట్టి మిమ్మల్ని నేను అడిగేది కొత్త యంత్రాలు కొనమని కాదు. సౌర ఫలకం, ఇరుసులు లెక్కపెట్టే సెన్సర్, ట్యాంకులో ఎంత ఉందో ఫోనుకు కబురు పంపే పెట్టె, ఇవన్నీ ఉన్న లూబ్రికేటర్లు మీ దగ్గర ఇప్పటికే ఉండొచ్చు. కబురు వస్తుంది, దాన్ని చూసేవాడు లేడు, చూసినా వెళ్లేవాడు లేడు. నేను అడిగేది మొదట కర్వుకు ఒక యజమాని. ఒక్కో కర్వుకు ఒక మనిషి పేరు రాయండి. గ్రీజు, గ్రైండింగ్, పట్టా మార్పిడి మూడింటికీ ఆ కర్వు విషయంలో ఆయనే జవాబుదారు. విప్పిన బద్ద సాయంత్రానికల్లా బిగించకపోతే ఆయనకే ఫోను రావాలి.

ఇక కొలత. యంత్రాల లెక్క మానేసి పట్టా మీది ఘర్షణ కొలవండి. చేత్తో నెట్టుకుంటూ వెళ్లే ట్రైబోమీటర్ ఉంది, పట్టా చెంప మీదా తల మీదా గుణకం చూపిస్తుంది. అది మొత్తం కర్వు పొడవునా, చివరిదాకా వెళ్లాలి. లూబ్రికేటర్ కర్వు మొదట్లో ఉంటుంది, దాని పక్కన పట్టా ఎప్పుడూ నల్లగా జిడ్డుగానే కనిపిస్తుంది. చక్రాలు ఆ గ్రీజును ఎంత దూరం మోసుకెళ్లాయన్నదే అసలు పరీక్ష. ఎండకు, వానకు, రైళ్ల సంఖ్యకు, గ్రీజు చిక్కదనానికి తగ్గట్టు ఆ దూరం మారుతుంది. చలిలో బిగుసుకుపోయే గ్రీజును వేసవికి కొని ఏడాదంతా వాడితే సగం ఏడాది పంపు ఊరికే మూలుగుతుంది. ట్రైబోమీటర్ దొరకనప్పుడు కూడా వేలు ఉంది, కళ్లు ఉన్నాయి. కర్వు చివర పట్టా చెంప అద్దంలా మెరుస్తుంటే, పాదం మీద వెండి పొడి ఉంటే, రిజిస్టరులో ఏం రాసి ఉన్నా సరే ఆ కర్వు పొడిగా ఉన్నట్టే.

ఇంధనంలో మిగిలిన దాంట్లో కొంత భాగం గ్రీజు పద్దుకు తిరిగి రావాలని కూడా అడుగుతున్నాను. ఎంత అన్నది మీరూ మీరూ కూర్చుని తేల్చుకోండి. అదే రైలును అదే కర్వులో పొడిగా ఒకసారి, గ్రీజుతో ఒకసారి నడిపి మీటరు చూస్తే గొడవ చాలావరకు తీరుతుంది.

పర్యావరణం గురించి అడిగేవాళ్లకు దాచకుండా చెప్పాలి. పట్టాకు పెట్టిన గ్రీజు తిరిగి రాదు. ఇంజను నూనెలా పోగు చేసి శుద్ధి చేసే వీలు లేదు. ప్రతి గ్రామూ చివరికి కంకరలోకో కాలువలోకో చేరుతుంది. అందుకే కొంచెం పెట్టడం, సరైన చోట పెట్టడం ముఖ్యం. నేలలో కలిసిపోయే రకం గ్రీజులు ఉన్నాయి, నీటివనరుల దగ్గర అవే వాడాలి. అయితే తక్కెడ రెండో వైపు కూడా చూడండి. గ్రీజు లేకపోతే రాలేది ఇనుప ధూళి. భూగర్భ మెట్రో స్టేషన్లలో గాలిని పరీక్షించినప్పుడు కనిపించే ధూళిలో ఎక్కువ భాగం ఇనుమే. చక్రాలు, పట్టాలు, బ్రేకుల నుంచి రాలిందే. దాన్ని పీల్చేది ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనుషులు.

ఈజిప్టులో జెహుతిహోతెప్ అనే అధికారి సమాధిలో ఒక చిత్రం ఉంది. దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటిది. వరసలు కట్టిన మనుషులు తాళ్లతో ఒక పెద్ద విగ్రహాన్ని లాగుతుంటారు, విగ్రహం పాదాల దగ్గర ఒక్కడు నిలబడి విగ్రహాన్ని మోసే చక్రాల్లేని చెక్క బండి ముందు నేల మీద ఏదో ద్రవం పోస్తుంటాడు. అంతమంది లాగేవాళ్ల మధ్య పోసేవాడు ఒక్కడే, అయినా చిత్రకారుడు వాణ్ణి మరిచిపోలేదు. మీ సంస్థ పటంలో వాడి పెట్టె ఎక్కడుందో వెతికాను, నాకైతే దొరకలేదు.

ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు ట్యాంకు మూత చివర్లో తీయండి. ముందు కర్వు ఆ చివరికి నడవండి, బయటి పట్టా పాదం దగ్గర వంగండి.

ఇట్లు,
మీ కర్వుల వెంట చాలా ఏళ్లు నడిచిన ఒక పాత ట్రాక్ మనిషి